స్ట్రాంగా, లైటా? అంతేనా!

వైన్ షాపు ముందు నిలబడి బీరు అడిగినవాడికి ఎదురయ్యే ప్రశ్నలు రెండే. స్ట్రాంగా, లైటా? కూలింగ్‌దా, మామూలుదా? ఏ ధాన్యంతో కాచారు, ఎలా పులియబెట్టారు, చేదెంత, సీసాలోకి ఎప్పుడు ఎక్కింది అని అడిగేవాడు లేడు. ఒకవేళ అడిగినా, ఇనుప జాలీ అవతలున్న కుర్రాడు వెనకున్న వరస చూసి త్వరగా తేల్చమంటాడు.

ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం 5 శాతం దాకా ఆల్కహాల్ ఉంటే మామూలు బీరు, అది దాటి 8 శాతం దాకా ఉంటే స్ట్రాంగ్. దేశంలో అమ్ముడయ్యే బీరులో సింహభాగం ఈ రెండో రకానిదే. హేవర్డ్స్ 5000 వేసిన బాటలోనే 1999లో కింగ్‌ఫిషర్ స్ట్రాంగ్ వచ్చి ఊరూరా పాతుకుపోయింది. దీన్ని చూపించి ‘మనవాళ్లకు కిక్కు కావాలి గానీ రుచి పట్టదు’ అనేవాళ్లు కోకొల్లలు. బీరు పరిశ్రమలోనూ అదే మాట, ఎక్సైజ్ శాఖలోనూ అదే మాట. చివరికి తాగేవాళ్లు కూడా తమ గురించి తాము అదే చెప్పుకుంటారు.

ఈ మాటలో నిజమెంతో తెలియాలంటే కల్లు మండువ దగ్గర కాసేపు నిలబడితే చాలు. ఈతకల్లు తాగేవాడు తాటికల్లు ముట్టకపోవచ్చు. తాటిలోనూ పోతుతాటి కల్లు వేరు, పండుతాటి కల్లు వేరు. మన్యంలో జీలుగు కల్లుకున్న మర్యాద మరొకదానికి లేదు. తెల్లారి దించిన లొట్టిలో తీపి ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులుపు తిరుగుతుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది. ఎవరికి ఏ గడియ కల్లు ఇష్టమో గీసే గౌడన్నకు తెలుసు. ఫలానా చెట్టు కల్లే కావాలని పట్టుబట్టే ఖాతాదారులూ ఉంటారు. మత్తుమందు కలిపే కల్తీ కాంపౌండ్ల సంగతి వేరు. అసలు కల్లు తాగేవాడి నాలుకకు చెట్టు, రుతువు, వేళ అన్నీ తెలుసు. అదే మనిషి బీరు దుకాణం దగ్గరికి వచ్చేసరికి ‘స్ట్రాంగ్ ఒకటి’ అంటున్నాడంటే, లోపాన్ని నాలుకలో కాక దుకాణంలో వెతకాలి.

లెక్కతో మొదలుపెడదాం. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ సీసాలో గరిష్ఠంగా 8 శాతం ఆల్కహాల్ ఉందనుకుంటే, అది 52 మిల్లీలీటర్లు. 42.8 శాతం ఉండే విస్కీ చిన్న పెగ్గులో, అంటే 30 మిల్లీలీటర్లలో, ఉండేది సుమారు 13. ఒక్క స్ట్రాంగ్ సీసా నాలుగు చిన్న పెగ్గులతో సమానం అన్నమాట. అదే సైజు లైట్ సీసాలో ఉండేది మహా అయితే 32.5. ఆల్కహాల్‌లో ఇంత తేడా ఉన్నా ధరలో తేడా స్వల్పమే. మన దేశంలో ఎక్కువ రాష్ట్రాల్లో బీరు పన్ను సీసా ధరనో పరిమాణాన్నో చూస్తుంది తప్ప, లోపలున్న ఆల్కహాల్‌కు తగ్గట్టు నిష్పత్తిగా పెరగదు. రోజుకూలీ డబ్బులతో సీసా కొనేవాడు రూపాయికి ఎంత వస్తుందని లెక్క చూసుకోవడంలో వింతేమీ లేదు. ఆ లెక్క వేసి ఇచ్చిందే ప్రభుత్వ పన్ను విధానం. పాతికేళ్లు అదే తాగాక దానికి ‘మనవాళ్ల టేస్టు’ అని పేరు పడింది.

దుకాణంలో ఏముండాలో నిర్ణయించేదీ తాగేవాడు కాదు. తెలంగాణలోనైనా, ఆంధ్రప్రదేశ్‌లోనైనా ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్ టోకుగా కొని ఇస్తేనే ఏ సరుకైనా చిల్లర దుకాణానికి చేరుతుంది. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిల్లర దుకాణాలను కూడా తన చేతిలోకి తీసుకుంది. తెలిసిన బీర్లు కనుమరుగై, ఎన్నడూ వినని పేర్లు అరలెక్కాయి. 2024 అక్టోబరులో దుకాణాలు మళ్లీ ప్రైవేటుకు వెళ్లేదాకా ఆ ఐదేళ్లూ జనం ఉన్నదే తాగారు. వాళ్ల ఇష్టాలేమిటో ఆ అమ్మకాల లెక్కల్లో వెతికినా దొరకవు. తెలంగాణలో 2025 జనవరిలో బకాయిలు, ధర పెంపు విషయమై కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ సరఫరా ఆపేస్తే కింగ్‌ఫిషర్ లేని వేసవి తప్పదేమోనన్న కంగారు పుట్టింది. ఆ తర్వాతి నెలలో ప్రభుత్వం బీరు ధరను 15 శాతం పెంచింది. ఆ కొద్దిరోజుల గొడవలో అందరూ ధర గురించి మాట్లాడారు, ఆదాయం గురించి మాట్లాడారు. ఒక్క కంపెనీ సరుకు ఆగితే రాష్ట్రమంతా ఎందుకు తల్లడిల్లాలి, అరలో ఇంకేమీ ఎందుకు లేదు అన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినపడలేదు.

బయటి దేశాల్లోనూ బీరు రుచి శూన్యంలోంచి ఊడిపడలేదు. అక్కడ తొలి నిర్ణయం నీళ్లది. చెక్ గడ్డమీది పిల్సెన్ నగరంలో 1838లో బీరు పాడైందని జనం పీపాలకు పీపాలు టౌన్‌హాల్ ముందు పారబోశారు. ఊరివాళ్లే కొత్త బ్రూవరీ కట్టించి, బవేరియా నుంచి జోసెఫ్ గ్రోల్ అనే బ్రూవర్‌ను పిలిపించారు. 1842లో అతను అక్కడి మెత్తటి నీళ్లు, లేత రంగు మాల్ట్, జాటెక్ ప్రాంతపు హాప్స్ పూలు కలిపి బంగారు రంగులో నిగనిగలాడే లాగర్ కాచాడు. ఇవాళ ప్రపంచంలో ఏ మూల సీసా మూత తీసినా కనిపించే పసుపురంగు బీరు ఆ పిల్స్‌నర్ వారసురాలే, మన లైట్ బీరుతో సహా. ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊరి నీళ్లలో జిప్సం ఎక్కువ. ఆ నీళ్లు హాప్స్ చేదును పదునెక్కించాయి, అక్కడి పేల్ ఏల్‌కు పేరొచ్చింది. ఇండియాలోని తెల్లదొరల కోసం ఓడలెక్కిన పేల్ ఏల్ నుంచే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) పుట్టింది. ఓడ ప్రయాణంలో చెడకుండా ఉండటానికే ఎవరో ఒక మేధావి దాన్ని కనిపెట్టాడన్న కథలో అతిశయోక్తి ఉంది. నల్లటి పోర్టర్ బీరు కూడా అవే ఓడల్లో తెల్ల సైనికుల కోసం వచ్చి చేరింది మరి.

ఒకసారి స్థిరపడ్డ రుచిని కదిలించడానికి ఒక్క మనిషి సరిపోయిన సందర్భాలూ ఉన్నాయి. బెల్జియంలో హూగార్డెన్ అనే ఊరు కొత్తిమీర గింజలు (అంటే మన ధనియాలు), నారింజ తొక్క వేసి కాచే గోధుమ బీరుకు ప్రసిద్ధి. లాగర్ల పోటీకి తట్టుకోలేక 1957లో అక్కడి ఆఖరి బ్రూవరీ మూతపడింది. పాలు పోసే వృత్తిలో ఉన్న పియర్ సెలిస్ 1966లో ఆ బీరును మళ్లీ కాయడం మొదలుపెట్టాడు. ఇవాళ హైదరాబాద్ పబ్బుల్లో ‘బెల్జియన్ విట్’ పేరుతో పోస్తున్నది ఆ పాలాయన బతికించిన బీరునే.

అమెరికాలో అయితే చట్టం కదిలింది. ఇంట్లో బీరు కాచుకోవడం నేరం కాదని 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేశాడు. అప్పటికి ఆ దేశమంతటా వంద బ్రూవరీలు కూడా లేవు. ఇంట్లో కాచి చేయి తిరిగినవాళ్లు ఒక్కొక్కరే దుకాణం తెరిచారు. కెన్ గ్రాస్‌మన్ కాలిఫోర్నియాలోని చీకోలో పెట్టిన సియెరా నెవాడా బ్రూవరీ 1980లో పేల్ ఏల్ కాచింది. అందులో కాస్కేడ్ రకం హాప్స్ నుంచి వచ్చిన పంపరపనస తొక్క వాసన ఒక తరం నాలుకనే మార్చేసింది. ఇప్పుడక్కడ 9,000కు పైగా బ్రూవరీలున్నాయి. చట్టం ఒప్పుకోకముందు అమెరికా వాడు కూడా ‘మనవాళ్లకు పల్చటి లాగర్ తప్ప పడదు’ అనే అనుకునేవాడు.

మన దగ్గర ఆ కదలిక ఆలస్యంగా వచ్చింది. పుణెలో డూలాలీ అనే మైక్రోబ్రూవరీ (కాచిన చోటే బీరు పోసే చిన్న బ్రూవరీ) 2009లో తెరుచుకుంది. దాని వెనకే బెంగళూరులో టోయిట్, బియర్ క్లబ్ వచ్చాయి. తెలంగాణ 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు చేసింది. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, హైటెక్ సిటీ చుట్టుపక్కల రాగి రంగు ట్యాంకులు అద్దాల వెనక మెరవడం అప్పట్నుంచే. పెద్ద ఫ్యాక్టరీ లాగర్‌కు భిన్నంగా చిన్న మోతాదులో, రుచిని ముందు పెట్టుకుని కాచేదాన్నే క్రాఫ్ట్ బీరు అంటున్నారు. అక్కడ మెనూ చేతికిచ్చినప్పుడు తెలుగువాడికి మొదటిసారి అసలైన ప్రశ్న ఎదురైంది. నీకేది ఇష్టం?

ఎక్కువమంది చెప్పిన జవాబు: గోధుమ బీరు. జర్మన్ పద్ధతి హెఫెవైజన్‌లో అరటిపండు, లవంగం వాసనలు తగులుతాయి. అందులో అరటిపండూ ఉండదు, లవంగమూ ఉండదు, ఆ రెండూ ఈస్ట్ పుట్టించే వాసనలు. చేదు చాలా తక్కువ. బీరు చేదును కొలిచే ఐబీయూ లెక్కలో హెఫెవైజన్ 8 నుంచి 15 మధ్య ఉంటే, అమెరికన్ ఐపీఏ 40 నుంచి 70 దాకా పోతుంది. బ్రూవర్‌కూ గోధుమ బీరుతో సౌకర్యమే. ఏల్ ఈస్ట్ గది వేడికి దగ్గరగా పనిచేసి కొద్దిరోజుల్లో పులియబెడుతుంది, రెండు మూడు వారాల్లో ట్యాంకు ఖాళీ అవుతుంది. లాగర్‌కు చల్లదనం కావాలి, వారాల తరబడి ఓపిక కావాలి. అద్దెలు మండే చోట అన్ని రోజులు ట్యాంకు నింపి కూర్చోవడం ఎవరికి మాత్రం ఇష్టం?

పళ్లెంలో ఏముందన్నదీ చూడాలి. గుంటూరు మిరపలోని కాప్సైసిన్ నాలుక మీద ఏ గ్రాహకాన్ని తాకి మంట పుట్టిస్తుందో, ఆల్కహాల్ అదే గ్రాహకాన్ని మరింత సున్నితం చేస్తుంది. చికెన్ 65, అపోలో ఫిష్ ముందు పెట్టుకుని 7 శాతం ఐపీఏ తాగితే నోరు భగ్గుమంటుంది. తక్కువ ఆల్కహాల్, తక్కువ చేదు, కాస్త తీపి వాసన ఉన్న గోధుమ బీరు అక్కడ హాయిగా సర్దుకుంటుంది. అంచేత హైదరాబాద్ గోధుమ బీరును ఎంచుకోవడం అమాయకత్వం అనుకునే ఐపీఏ వీరులు ఒకసారి తమ ప్లేటు వంక చూసుకోవాలి.

‘చేదు మనకు పడదు’ అన్న తీర్పు కూడా తొందరపాటే. కాకరకాయ వేపుడు, మెంతికూర పప్పు, మెంతి మజ్జిగ లొట్టలేసుకుంటూ తినే ఇళ్లు ఎన్ని లేవు! చేదు అందరికీ ఒకేలా తెలియదన్నది మాత్రం నిజం. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో పీటీసీ అనే పొడి గాలిలోకి లేస్తే, పక్కనున్నవాడికి భరించలేని చేదు తెలిసింది, ఫాక్స్‌కు ఏమీ తెలియలేదు. చేదును పట్టే గ్రాహకాలు మనిషి మనిషికీ వంశపారంపర్యంగా మారతాయని ఆ తర్వాత తేలింది. ఒక బల్ల చుట్టూ కూర్చున్న నలుగురిలో ఒకరికి ఐపీఏ పూలవాసనతో గుబాళించి, మరొకరికి కషాయంలా తోస్తే ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వాళ్లలో ఎవరికి టేస్టుందని వాదించుకోవడం దండగ.

ఇక పులుపు. ఈ విషయంలో తెలుగువాడు ప్రపంచానికి పాఠం చెప్పగలడు. బ్రసెల్స్ పరిసరాల్లో లాంబిక్ అనే బీరు కాస్తారు. కాచిన ద్రవాన్ని వెడల్పాటి లోతులేని తొట్లలో పోసి రాత్రంతా గాలికి వదిలేస్తారు. బయటినుంచి ఈస్ట్ వేయరు. గాలిలో, పీపా కర్రలో ఉన్న సూక్ష్మజీవులే దాన్ని పులియబెడతాయి. చల్లటి నెలల్లోనే ఈ పని సాగుతుంది. పీపాల్లో ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు మాగినవాటిని కలిపితే గూజ్ తయారవుతుంది. 1900లో మొదలైన కాంటియాన్ బ్రూవరీ సీసాల కోసం ఖండాంతరాల నుంచి అభిమానులు వెళతారు. మన కల్లూ అంతే. చెట్టు మీది లొట్టిలో ఎవరూ ఈస్ట్ వేయకుండానే పులుస్తుంది, ఏళ్లు పట్టకుండా గంటల్లోనే. ఒకటి బార్లీ, గోధుమలది, ఇంకొకటి చెట్టు నీరది. పులిసే సూత్రం ఒక్కటే. కల్లు పులుపుకు అలవాటుపడ్డ నోటికి లాంబిక్ కొత్తగా అనిపించదు. హైదరాబాద్ బ్రూవరీ మెనూల్లో పుల్లటి బీర్లు అరుదుగా తప్ప కనిపించకపోవడం విడ్డూరమే. అమ్ముడుపోదన్న భయంతో పెట్టరు, పెట్టరు కాబట్టి అమ్ముడుపోదన్న మాట అలాగే చలామణీ అవుతుంది.

క్రాఫ్ట్ బీరు ప్రియుల్లోనూ ఒక జాడ్యం ఉంది. ఎంత చేదైతే అంత గొప్ప, ఎంత మసకగా ఉంటే అంత ఆధునికం, లాగర్ తాగేవాడు పామరుడు. ఈ వరస కూడా ఒక ఫ్యాషనే. డాలస్ నుంచో శాన్ హోసే నుంచో తిరిగొచ్చిన ఇంజనీరు అక్కడి ఐపీఏ మోజును సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చుకున్నంత మాత్రాన అది స్వతంత్రమైన అభిరుచి అయిపోదు. నిజానికి బ్రూవర్ పనితనాన్ని నిక్కచ్చిగా బయటపెట్టేది మంచి పిల్స్‌నరే. ఐపీఏలో హాప్స్ గుబాళింపు చిన్నచిన్న తప్పులను కప్పేస్తుంది, నల్లటి స్టౌట్ బీరులో మాడిన మాల్ట్ రుచి కప్పేస్తుంది. పిల్స్‌నర్‌లో దాక్కోవడానికి చోటు లేదు. కొత్త బ్రూవరీకి వెళ్లినవాళ్లు ముందు అక్కడి లాగర్ రుచి చూసి, తర్వాత మిగతావాటి జోలికి పోవడం తెలివైన పని.

సీసా బీరు గురించి మనకున్న అపోహలు కూడా అభిరుచికి అడ్డమే. హాస్టళ్లలో ఇప్పటికీ నడిచే గ్లిజరిన్ కథ అందులో మొదటిది. సీసాను నీళ్ల గ్లాసులో బోర్లిస్తే కిందికి జారేది గ్లిజరిన్ అని నమ్మి, అది ‘తీసేశాకే’ తాగేవాళ్లున్నారు. జారేది నీటికన్నా కాస్త బరువైన బీరే. పైకెక్కేది నీరు. అంటే డబ్బిచ్చి కొన్న బీరును తామే పల్చన చేసుకుంటున్నారు. అసలు భయపడాల్సింది వేడికి. రామగుండం, రెంటచింతల ఎండల్లో లారీలోనో షెడ్డులోనో వారాలపాటు నిలవున్న బీరు తడిసిన అట్టముక్క వాసన పట్టేస్తుంది. ఆకుపచ్చ సీసాపై ఎండ పడితే హాప్స్‌లోని పదార్థాలు విరిగి కంపు పుడుతుంది. గోధుమరంగు సీసా కొంత కాపాడుతుంది. ఈ లోపాలన్నీ బయటపడకుండా చేసేది మన ‘కూలింగ్’. గడ్డకట్టేంత చల్లదనంలో నాలుక మొద్దుబారి మంచి వాసనా తెలియదు, చెడ్డ వాసనా తెలియదు. స్టౌట్ లాంటిది 10 డిగ్రీల దగ్గర తాగితేనే కాఫీ, చాక్లెట్ ఛాయలు విప్పుకుంటాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. తాగుడు కొంపలు కూల్చిన రాష్ట్రాల్లో బీరు రుచుల గురించి ముచ్చట్లా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం 1993లో సారా నిషేధం తెచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. అప్పట్నుంచి ప్రభుత్వాల చర్చ రెండు కొసల మధ్యే ఊగుతోంది: అయితే నిషేధం, లేకపోతే ఆదాయం. ఆల్కహాల్ విషయంలో సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగానే చెప్పింది. క్రాఫ్ట్ అన్న పేరు పెట్టినంత మాత్రాన కాలేయానికి మినహాయింపు రాదు.

అయితే ఆ ఆందోళన నిజమైనదైతే మొదట నిలదీయాల్సింది స్ట్రాంగ్‌ను చవక చేసిన పన్నునే. తక్కువ ఆల్కహాల్, ఎక్కువ రుచి ఉన్న బీరు ఖరీదైన పబ్బులో కూర్చునేవాడికే దక్కుతోంది. బస్తీలో ఉండేవాడికి మిగిలింది నాలుగు పెగ్గుల సీసా. బ్రిటన్ బీరు పన్నును ఆల్కహాల్ మోతాదును బట్టి వేస్తుంది, 2002 నుంచి చిన్న బ్రూవరీలకు తగ్గింపు ఇస్తోంది. 2023 నుంచి పబ్బులో పీపాలోంచి పోసే బీరుకు సీసా బీరు కంటే పన్ను తగ్గించింది. జర్మనీలోనూ బీరు గాఢతను బట్టే పన్ను, చిన్నవాళ్లకు రాయితీ. మన దగ్గర చాలాచోట్ల చిన్న బ్రూవర్ తన బీరును కాచిన కప్పు కిందే అమ్ముకోవాలి. 2020 లాక్‌డౌన్‌లో ట్యాంకుల్లో సరుకు పాడైపోతుంటే కర్ణాటక కొద్దికాలం పార్సిల్‌కు అనుమతిచ్చింది, ఆకాశమేమీ విరిగిపడలేదు. సీసాలో అమ్మే దారి పట్టినవాళ్ల కష్టాలు వేరు. 2015లో గోధుమ బీరుతో దూసుకొచ్చిన బీరా 91 మాతృసంస్థ తన పేరులోంచి ‘ప్రైవేట్’ అన్న ఒక్క మాట తీసేసినందుకు, రాష్ట్రం రాష్ట్రానికీ లేబుళ్లు మళ్లీ నమోదు చేయించుకోవాల్సి వచ్చి నెలల తరబడి అమ్మకాలు దెబ్బతిన్నాయి.

రెండు తెలుగు రాష్ట్రాలూ తర్వాతి ఎక్సైజ్ విధానంలో మూడు మార్పులు చేయవచ్చు. బీరు పన్నును సీసాలోని ఆల్కహాల్ మిల్లీలీటర్లకు ముడిపెట్టాలి. దాంతో 4 శాతం బీరు చవకవుతుంది, 8 శాతం బీరు దాని అసలు బరువు మోస్తుంది. మైక్రోబ్రూవరీలు రాష్ట్రం లోపల 330 మిల్లీలీటర్ల క్యాన్లలో అమ్ముకోవడానికి చిన్న ఫీజుతో లైసెన్సు ఇవ్వాలి. సీసా మీద ఇప్పుడు భూతద్దం పెడితే గానీ కనపడని తయారీ తేదీని పెద్ద అక్షరాల్లో వేయించి, డిపోల్లో సరుకును నీడలో, తేదీ వరసలో కదిలించాలి. మొదటి రెండింటికీ ఆర్థిక శాఖ ఆదాయం లెక్కలు వేసి సమయం అడగవచ్చు. మూడోదానికి ఖజానా మీద పడే భారం ఏమంత లేదు, వచ్చే వేసవి సరుకు డిపోలకు చేరేలోపే మొదలుపెట్టవచ్చు.